సమ్మెట బావ నడుము

మా బావ పని ఇళ్ళు పడగొట్టడం. ఇరవై రెండేళ్ళలో ఎన్ని పడగొట్టాడో అతనికే గుర్తులేదు. అందులో ఒకటి, పెళ్ళయిన కొత్తలో అతనూ మా అక్కా అద్దెకున్న ఇల్లు. ఆ వంటింటి గోడ మీద అక్క పెన్సిలుతో గీసుకున్న పూలు ఇంకా చెరిగిపోలేదట. "చూడు నీ కళాఖండం" అంటూ ఒక ఇటుక పెళ్ళ తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అతని దృష్టిలో అది సరసం. అక్క ఆ పెళ్ళను చాలాకాలం తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

పొట్టి మనిషి. మెడ ఉందో లేదో తెలియదు. ఊళ్ళో వాళ్ళందరూ సమ్మెట అంటారు, నేను సమ్మెట బావ అంటాను. అతను పెద్ద సమ్మెట పట్టే ముఠాలోనే నేను పార పట్టుకుని రాళ్ళూ మట్టీ ఎత్తిపోస్తాను.

మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఏ కట్టడమైనా పడగొట్టే ముందు పెద్ద సమ్మెటవాడు ఒక్కడే దాని దగ్గరికి వెళతాడు. గోడకు చెవి ఆనిస్తాడు. వేలి కణుపులతో తట్టి బరువు ఎక్కడ నిలిచిందో వింటాడు. తర్వాత గుమ్మంలో నిలబడి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అరుస్తాడు. ఎప్పుడో మా తాతల కాలంలో, లోపల నిద్రపోతున్న తాగుబోతు మీద గోడ కూల్చేశారట. అప్పటినుంచి వచ్చిన ఆచారం. మూడోసారికీ జవాబు లేకపోతే మొదటి దెబ్బ వేస్తాడు. అది పడేదాకా మిగతావాళ్ళెవరూ పనిముట్టు ఎత్తకూడదు. మొదటి దెబ్బ ఎవడిదో కట్టడం వాడిది. ఏ గోడ ముందు పడాలో, ఎవడు పైకెక్కాలో, ఎవడు కింద నిలబడాలో అంతా వాడి మాటే. ఒక్క కట్టడానికి ఇంకొకడు ఆ దెబ్బ వేశాడా, స్థానం వాడిదైపోతుంది. మళ్ళీ అడగడానికి వీల్లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ దెబ్బ మా బావది.

నడుము నొప్పి నాలుగేళ్ళ కిందట మొదలైంది. మొదట వంగితే, తర్వాత లేస్తే, ఆ తర్వాత దగ్గితే. నొప్పి మాత్రలు తెచ్చి పాత బిస్కెట్ల డబ్బాలో పోసుకున్నాడు. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, పని ఎక్కువుంటే లెక్క లేదు. ఇంటికొచ్చాక చేతికి ఏది దొరికితే అది విసిరేవాడు. గ్లాసు, చెప్పు, ఒకసారి వెలిగించి ఉన్న దీపం. అక్కను కొట్టేవాడు. "నొప్పి రాకముందు ఇలా లేడురా, నొప్పి మనిషిని పాడుచేసింది" అని అక్క అంటుంది. నొప్పి రాకముందు కూడా కొట్టాడు, నేను చూశాను. నొప్పి వచ్చాక కారణం దొరికింది, అంతే.

ఒకరోజు పాత గోదాము పని చేస్తుండగా సమ్మెట తలమీదికి ఎత్తి అలాగే ఆగిపోయాడు. నడుము బిగుసుకుపోయింది. నోరు తెరిచాడు, మాట రాలేదు. సమ్మెట వెనక్కి జారి, వెనకనున్న మనిషి పాదం మీద పడింది. బూటు చిరగలేదు. బూటు విప్పితే లోపల పాదం ఉండాల్సిన చోట గులకరాళ్ళు పోసిన సంచిలాంటిది కనిపించింది. ఆ మనిషి ఇప్పుడు కర్రతో నడుస్తాడు.

మేస్త్రి ఇంటికి వచ్చి చెప్పాడు. "చూడు సమ్మెటా, నడుము బాగుచేయించుకుని రా. లేదంటే ఇంట్లో కూర్చుని మీ ఆవిడకి సూదిలో దారం ఎక్కించు. ఇంకో కాలు నేను పోగొట్టలేను."

అక్క ఇంట్లో కుట్టుమిషను మీద చొక్కాలకు కాలర్లు కుడుతుంది. ఆ మాటకు తల ఎత్తలేదు గానీ పెదవి చివర నవ్వు నాకు కనిపించింది. బావకూ కనిపించింది.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నా కంటే ఐదారేళ్ళు పెద్దదేమో. బావ చేతినుంచి రక్తం తీసి, గొట్టాల్లో పోసి, గిరగిరా తిరిగే యంత్రంలో పెట్టింది. బయటికి తీసేసరికి ఎరుపంతా అడుక్కి దిగి, పైన తేనె రంగు నీరు తేలింది.

"నా రక్తం తీసి మళ్ళీ నాకే పొడుస్తారా? నా జేబులో చెయ్యి పెట్టి నాకే దానం చేసినట్టుంది!" అన్నాడు బావ.

ఆమె నవ్వలేదు. "గాయాన్ని మాన్పే సరుకు రక్తంలోనే ఉంటుంది. దాన్ని చిక్కగా తీసి, ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు దెబ్బతిన్న చోట పెడతాం. అక్కడ కొత్తగా గాయమైందని ఒళ్ళు అనుకుంటుంది. మాన్పడానికి పరిగెత్తుకొస్తుంది. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. మాటివ్వలేను."

"అంటే పాత గాయం మానాలంటే కొత్త గాయం చెయ్యాలన్నమాట. ఇదీ మా పనే!"

బోర్లా పడుకోబెట్టి, పక్కన తెర మీద ఎముకల బొమ్మ చూసుకుంటూ పొడిచింది. ఎడమవైపు మూడు, కుడివైపు రెండు. సూది లోపల ఎముకకు తగిలినప్పుడల్లా ఆమె చెయ్యి ఒక క్షణం ఆగేది. బావ తువ్వాలు కొరికాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. అది వారం రోజులు నల్లగా ఉంది.

అయిపోయాక ఆమె బావతో కాదు, నాతో చెప్పింది. "వారం పదిరోజులు నొప్పి ఇప్పటికంటే ఎక్కువ ఉంటుంది. కంగారు పడొద్దు. ఆ మంటే మందు. ఇన్నాళ్ళూ మింగినవి, ఆ వాపు తగ్గించే మాత్రలు ఒక్కటి కూడా వద్దు. మంట ఆర్పేస్తే మానే పని అక్కడే ఆగిపోతుంది. తట్టుకోలేకపోతే ఈ తెల్ల మాత్రలు వెయ్యండి. మెల్లగా నడవొచ్చు. ఆరు వారాలు బరువెత్తకూడదు. ముఖ్యంగా ఆ సమ్మెట."

కాగితం మీద కూడా అదే అచ్చువేసి ఇచ్చింది. ఇంటికొచ్చి అక్కకు రెండుసార్లు చదివి వినిపించాను.

నాకు పుస్తకాల్లో నొప్పిని గురించి చదివిన మాటలు కొన్ని గుర్తున్నాయి. నొప్పి మనిషిని కడిగి శుభ్రం చేస్తుందట, పక్కవాడి బాధ తెలిసేలా చేస్తుందట. అవి రాసినవాళ్ళు సూదులు పొడిచాక మొదటి మూడు రోజులూ మా బావతో ఒక గదిలో ఉండి ఉంటే కలం విరగ్గొట్టుకుని ఉండేవాళ్ళు.

వాళ్ళది మేడమీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, వెనక గదిలో పొయ్యి, కుట్టుమిషను. నేను వరండాలో పడుకునేవాణ్ణి. మొదటిరోజు బావ దిండు కొరికాడు. రెండోరోజు తల గోడకేసి కొట్టుకున్నాడు. తెల్ల మాత్రలు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. "సున్నపు ముక్కలిస్తావా! నా డబ్బా ఏదే?"

"లేదు. పారేశాను."

"పారేశావా? నువ్వు పారేశావా? నీ అబ్బ సొమ్మా అది?"

డబ్బా మిషను కింద గుడ్డ పేలికల సంచిలో ఉంది. పారేసే చెయ్యి కాదు మా అక్కది. విరిగిన బొత్తాము కూడా దాచుకుంటుంది.

మూడోరోజు అద్దం పగలగొట్టాడు. నాలుగోరోజు పొద్దున అక్క దిండు సరిచేయబోయింది. కదిపినందుకు ప్రాణం పోయినట్టు అరిచి, మంచం కోడుకు వేలాడుతున్న నడుము పట్టీ లాగాడు. ఆ పట్టీలో నిలువునా ఇనప బద్దలుంటాయి. నేను వరండాలోంచి లోపలికి వచ్చేసరికి అక్క మోకాళ్ళ మీద ఉంది. పట్టీ నాలుగోసారి లేచింది. నేను పట్టుకున్నాను. అక్క చెవి వెనకనుంచి రక్తం జాకెట్టులోకి కారుతోంది.

"వదులు బావా."

"మంట రా! లోపల నిప్పు పోశారు రా ఆ ముండలు!"

"అయితే ఆమెనెందుకు కొడతావు?"

అతను నిజంగా ఆశ్చర్యపోయి నా వంక చూశాడు. ఇంకెవర్ని కొట్టాలన్నట్టు.

కింద ఇస్త్రీబండి ఆయన మెట్లదాకా వచ్చి "ఏమ్మా, అంతా బాగేనా?" అని అడిగాడు.

"బాగే బాబాయ్. గిన్నె పడింది" అంది అక్క.

ఐదోరోజు నుంచి ఇల్లు మారిపోయింది. బావ పొద్దున లేచి తనంతట తనే కూర్చున్నాడు. ఆరోరోజు వరండాలో నడిచాడు. వారం తిరిగేసరికి వీధి చివర మంగలి దగ్గరికి వెళ్ళి గడ్డం చేయించుకుని, అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ చొక్కా ఎత్తి ఐదు చుక్కలు చూపించాడు. "నా రక్తమే నాకు మందురా! మీ ఒంట్లో ఉన్నది నీళ్ళు, అందుకే మీకు పనిచెయ్యదు." మూడోవారంలో ఒక మధ్యాహ్నం మేస్త్రి అన్న మాట గుర్తుచేసుకుని నవ్వుతూ నిజంగానే అక్క సూదిలో దారం ఎక్కించాడు. అక్క కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను. నన్ను నేను తిట్టుకోవాల్సింది ఆ నవ్వుకే.

పద్దెనిమిదో రోజు. బావ నడకకు వెళ్ళాడు. నేను మంచినీళ్ళ కోసం వెనక గదిలోకి వెళితే అక్క నేలమీద కూర్చుని, మడిచిన కాగితం మీద సీసా అడుగుతో ఏదో నూరుతోంది. పక్కన టీ గ్లాసు.

"ఏంటక్కా అది?"

"సుద్ద."

"కాలర్ల మీద గీసే సుద్ద టీలో కలుపుతారా?"

అక్క కాగితం మడత విప్పి పొడి గ్లాసులో దులిపింది. చెంచాతో తిప్పింది. నిదానంగా, నేను లేనట్టే.

"ఎన్ని రోజులనుంచి?"

"పట్టీతో కొట్టిన రోజునుంచి. పొద్దున రెండు, సాయంత్రం రెండు. చక్కెర ఎక్కువేస్తే తెలియదు."

"నీకు చదివి వినిపించాను కదా! వాపు మాత్రలు వద్దని."

"విన్నాను. రెండుసార్లు చదివావు. నీ కాగితానికి చేతులు లేవురా, ఆయనకున్నాయి."

"మందు పనిచెయ్యదక్కా! నొప్పి పోలేదు, నువ్వు మూత పెట్టావు. లోపల మానిందో లేదో ఎవరికి తెలుసు?"

"మానకపోతే మానె. ఆరు వారాలు కదలకుండా ఉంటే ఏ నడుమైనా బాగుపడుతుంది. నేను చేసిందల్లా ఆ ఆరు వారాలూ బతకడం." గ్లాసు ఎత్తి వెలుతురులో చూసింది, అడుగున పొడి మిగిలిందేమోనని. "ఆయనకు నొప్పి లేకపోతే నాకూ లేదు. ఇంతకంటే పెద్ద వైద్యం నాకు తెలియదు."

నేను ఆ గ్లాసు పారబోయాల్సింది. పారబోయలేదు. బావ వచ్చి తాగాడు, బాగుందన్నాడు.

ఆరు వారాలూ అలాగే గడిచిపోయేవేమో. ఇరవై ఆరో రోజున మేస్త్రి వచ్చాడు. వెంట నిచ్చెన. నిచ్చెన అంటే మా ముఠాలో రెండో సమ్మెట. ఆరడుగుల పైన ఉంటాడు, గోడ మీద దుమ్ము నిలబడే తుడుస్తాడు. బావ అంటే వాడికి భక్తి. స్థానం అంటే అంతకంటే ఎక్కువ భక్తి.

"సబ్బుల ఫ్యాక్టరీ మనకే వచ్చింది" అన్నాడు మేస్త్రి. "మూడంతస్తులు. సోమవారం మొదలుపెట్టకపోతే ఇంకో ముఠాకి ఇచ్చేస్తారు. నీకు ఇంకా రెండు వారాల పైన ఉంది కదా, అందుకని..."

"అందుకని?"

నిచ్చెన తల గోక్కున్నాడు. "నువ్వు పడుకో అన్నా. నేను చూసుకుంటాలే."

బావ మంచం దిగాడు. నిచ్చెన దగ్గరికి వెళ్ళి, నడుము చుట్టూ చేతులేసి, ఆ ఆరడుగుల మనిషిని పిల్లిని ఎత్తినట్టు ఎత్తి, గది చుట్టూ ఒక తిప్పు తిప్పి దింపాడు. "ఏదిరా నొప్పి? వెతుకు! ఎక్కడుందో చూపించు!"

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. వెనక గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు ఆదివారం అక్కా నేనూ మెట్లమీద కూర్చున్నాం. పద్నాలుగేళ్ళ స్థానం కోసం ఆ మనిషి సమ్మెట ఎత్తుతాడు. మాత్రల మత్తులో ఉన్న నడుము చెప్పాల్సింది చెప్పదు. గోదాములో ఆగినట్టే చెయ్యి మధ్యలో ఆగితే, ఈసారి పాదంతో పోదు. కింద పదిహేనుమంది ఉంటాం. అందులో నేనూ ఉంటాను.

"నేను చెబుతాను బావకి" అన్నాను.

"నువ్వు చెబితే నన్ను చంపుతాడు. దొంగతనం బయటపడ్డట్టుంటుంది. నేను చెబితే కొడతాడు, అంతే."

"అయితే ఇప్పుడే చెప్పు. నేనుంటాను."

"ఇక్కడ నువ్వొక్కడివి. రేపు అక్కడ పదిహేనుమంది ఉంటారు. అక్కడ చెబుతాను." మోకాలి మీద దారపు పోగులు ఏరుకుంటూ అంది. "ఆ పదిహేనుమందిలో ఒక్కడైనా మనిషి ఉండకపోడు."

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గోడలు ఎండకు వేడెక్కుతూ సబ్బు వాసన వేస్తున్నాయి. ఎన్నేళ్ళు మూతపడినా ఇటుకలు వదల్లేదు ఆ వాసన. అందరం వరసగా నిలబడ్డాం. అక్క ఎక్కడా కనిపించలేదు. రాలేదని నాకు కోపం వచ్చింది, హాయిగా కూడా అనిపించింది.

బావ సమ్మెట భుజాన వేసుకుని ఒక్కడే నడిచాడు. గోడకు చెవి ఆనించాడు. తట్టాడు. నాలుగడుగులు జరిగి మళ్ళీ తట్టాడు. గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ పలకలేదు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

పావురాలు లేచాయి.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను" అంది అక్క.

మొదటి అంతస్తు కిటికీలో నిలబడి ఉంది. వెనక దారిన ఎప్పుడు ఎక్కిందో. మా పద్ధతి ప్రకారం జవాబు వస్తే పనిముట్టు దించాలి. పదిహేను చేతులూ వాటంతటవే దిగాయి. బావ సమ్మెట కూడా దిగింది.

"దిగవే! పిచ్చెక్కిందా?"

"నీ నడుము బాగుపడలేదు" అంది అక్క. "నాలుగోరోజు నుంచి నీ టీలో నొప్పి మాత్రలు నూరి పోస్తున్నాను. రోజుకు నాలుగు. డాక్టరమ్మ వద్దన్నవే. నువ్వు సమ్మెట ఎత్తితే మళ్ళీ బిగుసుకుపోతావు. వీళ్ళలో ఎవడో ఒకడు చస్తాడు. మేస్త్రిగారూ, మీరు కూడా వినండి, తర్వాత నాకు తెలియదనొద్దు."

వెనక ఎవడో నవ్వాడు. "సమ్మెట రక్తం మహిమ కాదన్నమాట, పెళ్ళాం టీ మహిమ!" ఇంకో ఇద్దరు నవ్వారు. నిచ్చెన నవ్వలేదు. వాడు తన సమ్మెట కామ మీద పట్టు సరిచేసుకున్నాడు. అది నేను చూశాను.

బావ లోపలికి పరిగెత్తాడు. మెట్లమీద సమ్మెట ఈడ్చుకుంటున్న చప్పుడు. పైన ఒక దెబ్బ. చెంప మీద దెబ్బకు అంత చప్పుడుండదు, అది పిడికిలి. మేం కింద నిలబడే ఉన్నాం. పదిహేనుమందిమి. రెండో దెబ్బ. "మొగుడూ పెళ్ళాల గొడవ" అన్నాడు మేస్త్రి, ఎవరూ అడక్కుండానే.

అక్క జుట్టు పట్టుకుని మెట్లమీద ఈడ్చుకుంటూ కిందికి తెచ్చాడు. ఆమె నోటినిండా రక్తం. ఒక చెప్పు లేదు. గుమ్మం బయట పడేసి, వంగి, పిడికిలి ఎత్తాడు. వంగిన ఆ నడుము నాకెదురుగా ఉంది. చొక్కా పైకి లేచింది. ఎడమవైపు మూడు చుక్కలు, కుడివైపు రెండు. నా చేతిలో పార ఉంది.

దాన్ని తిరగేసి, కామతో, ఉన్న బలమంతా పెట్టి ఆ చుక్కల మీద కొట్టాను.

మనిషి అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గోడ పడేముందు లోపలెక్కడో ఒక కిర్రుమనే చప్పుడు వస్తుంది, అలాంటిది గొంతులోంచి వచ్చింది. మోకాళ్ళ మీద పడ్డాడు, తర్వాత ముఖం మీద. నేను రెండోసారి కొట్టాను. మూడోది ఎత్తేసరికి నలుగురు నన్ను పట్టుకుని నేలకు అదిమారు. అంతవరకూ కదలని నలుగురు. ఒకడు నా చెంప మీద మోకాలు పెట్టాడు. ఇసుక నోట్లోకి వచ్చింది, అది కూడా సబ్బు రుచే.

అలా నేలమీద ఉండగానే విన్నాను. ధన్‌మని గోడ మీద మొదటి దెబ్బ. నిచ్చెన వేశాడు. లోపల ఎవరూ లేరు కదా మరి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు అక్క పెదవికి నాలుగు కుట్లు వేయించింది. తర్వాత బావను చూసింది. వెన్నెముక విరగలేదు. లోపలి పట్టీలు మళ్ళీ చిట్లాయి. పొడిచింది ఎంత మిగిలిందో చెప్పలేనంది. "కొత్తగా పొడవడానికి మూడు నెలలు ఆగాలి. అప్పటిదాకా ఆరు వారాల పడక, మొదటినుంచి. మాత్రలు వద్దు." నా వంక చూసి, "ఇదెలా జరిగింది?" అంది.

"పడిపోయాడు" అంది అక్క, కుట్ల వెనకనుంచి.

ఇంటికొచ్చాక అక్క చేసిన మొదటి పని, పేలికల సంచిలోంచి డబ్బా తీసి మాత్రలన్నీ మురిక్కాలవలో బోర్లించడం. డబ్బా కూడా పారేసింది. అక్క ఒక వస్తువు పారెయ్యడం నేను చూడ్డం అదే మొదలు. తర్వాత తన పరుపు వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"నీకోసమే కొట్టానక్కా" అన్నాను.

"నాకోసం మొదటి దెబ్బ. రెండోది ఎవరికోసంరా?" నా చేతిలోంచి మంచినీళ్ళ చెంబు తీసుకుని బావ మంచం పక్కన పెట్టింది. "నీకు ఎన్నాళ్ళనుంచో చెయ్యి దురద. నా పేరు చెప్పి గోక్కున్నావు. విరగ్గొట్టింది నువ్వు, చూసుకునేది కూడా నువ్వే."

వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆరు వారాలూ ఆ తలుపు భోజనం గిన్నెలకు మాత్రమే తెరుచుకుంది.

కాబట్టి అతని నొప్పి నా వంతు అయింది. మొదటి తొమ్మిది రోజులు ఎద్దులా రంకె వేశాడు. కింద ఇస్త్రీబండి ఆయన బండిని వీధి అవతలికి మార్చుకున్నాడు. పాయిఖానాకు నేనే మోసుకెళ్ళాను, కడిగాను. కడుగుతుండగా నా మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. చెంబుతో నుదురు పగలగొట్టాడు. నేను తిరిగి కొట్టలేదని రాసుకోవాలనే ఉంది. రెండుసార్లు కొట్టాను. పదో రోజుకు ఇద్దరికీ ఓపిక అయిపోయింది. అతను గోడవైపు తిరిగి, పళ్ళమధ్యనుంచి గాలి పీలుస్తూ నొప్పిని నొప్పిగానే పడ్డాడు. విసరడానికి అతని చుట్టూ ఏమీ మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం అడిగాడు. "నిచ్చెన ఎన్నో అంతస్తులో ఉన్నాడు?"

"అంతా అయిపోయింది బావా. నేల చదును చేస్తున్నారు."

"వాయవ్యం మూల ముందు పడగొట్టాడా?"

"ఊఁ."

"వెధవ. ఆగ్నేయం ముందు పడాలి." దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "ఎవరికైనా తగిలిందా?"

"లేదు."

"ఊఁ" అన్నాడు. ఆ తర్వాత సబ్బుల ఫ్యాక్టరీ మాట ఎత్తలేదు.

చెప్పుకోవాల్సిన సంగతి ఏమిటంటే, నడుము బాగుపడింది. ఆరోవారం చివర డాక్టరమ్మ వంగమంది, లెమ్మంది, దగ్గమంది. నాలుగేళ్ళలో మొదటిసారి దగ్గినప్పుడు ముఖం చిట్లించలేదు. ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. మొదట పొడిచిందే ఇప్పుడు పట్టిందేమో, పడక వల్లనేమో, చెప్పలేనంది. న్యాయం అనేది ఉంటే ఆ నడుము కుళ్ళిపోవాలి. నడుముకు న్యాయం తెలియదు. మేస్త్రి మూడో సమ్మెటగా తీసుకుంటానని కబురుపెట్టాడు. నిచ్చెన కింద. బావ వస్తానన్నాడు.

ఆ కబురు వచ్చిన రోజే అక్క గడియ తీసి బయటికి వచ్చింది. పెదవి మీద కుట్టు గీత తెల్లగా మిగిలింది. కాలర్లు ఇచ్చే కార్ఖానా వెనక ఒక గది చూసుకుందట. పరుపు చుట్టి కట్టేసి ఉంది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"ఎక్కడికే?" అన్నాడు బావ. గొంతులో పాత రంకె లేదు. దాని చోట ఏముందో నాకు తెలియలేదు.

"నీ ఆరు వారాలు అయిపోయాయి. నావి మొదలు."

"కొడతానా ఇంక? అడుగు వీణ్ణి, నెలరోజులనుంచి ఒక్కసారి చెయ్యెత్తానా?"

"ఎత్తలేదు. నేను గడియ వెనక ఉన్నాను."

బావ మిషను దగ్గరికి వచ్చి, దుప్పటి కిందినుంచి ఇనప చట్రం పట్టుకున్నాడు, తనే మోసుకెళదామని.

"ముట్టుకోకు" అంది అక్క. "బరువు."

చేతులు తీసేశాడు. నేను ఒకవైపు పట్టుకున్నాను. ఇస్త్రీబండి ఆయన వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. అక్క పరుపు చుట్ట నెత్తిమీద పెట్టుకుని ముందు దిగింది. నాతో కూడా ఏమీ మాట్లాడలేదు. మెట్ల మలుపులో మిషను గోడకు గీసుకుంటే పైనుంచి బావ అరిచాడు.

"ఎత్తి తిప్పండ్రా! మీకు బరువు ఎక్కడ ఉందో కూడా తెలియదు!"

అతను చెప్పినట్టే ఎత్తి తిప్పాం. మిషను మలుపు దాటింది.